మార్లీ దయ్యాన్ని చిన్న హాల్లో స్టేజీ మీదికి ఎలా తేవాలి? (క్రిస్మస్ కెరోల్, తెలుగులో)

తెరచాటు:

అందరికీ నమస్కారం. యూనివర్సిటీ థియేటర్ విభాగం తరఫున డిసెంబరులో డికెన్స్ ‘ఎ క్రిస్మస్ కెరోల్’ తెలుగులో వేస్తున్నాం. పేర్లు, ఊరు మార్చడం లేదు. లండన్ లండన్‌గానే ఉంటుంది. 1843లో అచ్చయిన పుస్తకం లోపలి పేజీలోనే దీన్ని ‘క్రిస్మస్ దయ్యం కథ’ అన్నారు కాబట్టి పండగ నాటకంలా కాకుండా దయ్యం కథలాగే వెయ్యాలని దర్శకుడి పట్టు. మొదటి అంకంలో పిసినారి స్క్రూజ్ దగ్గరికి, చచ్చిపోయిన భాగస్వామి మార్లీ దయ్యమై వచ్చే ఘట్టానికి జనం నవ్వితే మిగతా నాటకం నిలబడదు.

హాలు వివరాలు: బ్లాక్ బాక్స్, అంటే నల్ల గోడల సాదా గది. ఆడే చోటు 24 అడుగుల వెడల్పు, 18 అడుగుల లోతు. లైట్లు వేలాడే గ్రిడ్ ఎత్తు 13 అడుగులు. ప్రేక్షకుల వైపు ఇంకో 20 అడుగులు, ఐదు మెట్ల వరసల్లో 110 కుర్చీలు. నేలలో ట్రాప్ (కిందికి దిగే తలుపు) లేదు, పైకి లాగే ఏర్పాటూ లేదు. ఎల్‌ఈడీ పార్‌లు 12, పాత హాలోజెన్ స్పాట్లు 8, స్పీకర్లు 4. సెట్టుకీ ప్రాపర్టీకీ ఎఫెక్ట్స్‌కీ కలిపి 40,000 రూపాయలు.

దర్శకుడు పెప్పర్స్ గోస్ట్ అంటున్నారు. అవతలికి కనిపించే గాజు అద్దం పెట్టి, అందులో పడే బొమ్మతో దయ్యాన్ని గాలిలో తేల్చడం అన్నమాట. ఈ హాల్లో అది అయ్యే పనేనా? కాకపోతే ఏం చెయ్యాలి? పొగ ఎంత, ఏ రకం? మార్లీ వెనక్కి నడుస్తుంటే కిటికీ దానంతటదే లేవాలి కదా, దానికేం చెయ్యాలి? గొలుసు బరువు నటుడు ఎంతసేపు మొయ్యగలడు? వీటిలో ఏది తెలిసినా చెప్పండి.

---

అద్దాలమేడ:

పెప్పర్స్ గోస్ట్ అడిగారు కాబట్టి ముందు దాని లెక్క చెప్తాను. చెయ్యాలో వద్దో ఆ తర్వాత.

ఆ ట్రిక్ జనం ముందుకొచ్చిందే డికెన్స్ కథతో. 1862 డిసెంబరు 24న లండన్ రాయల్ పాలిటెక్నిక్‌లో ఆయన ఇంకో దయ్యం కథ ‘ది హాంటెడ్ మాన్’లో ఒక ఘట్టానికి వాడారు. ఆలోచన హెన్రీ డిర్క్స్ అనే ఇంజనీరుది. మామూలు థియేటర్లో కుదిరేలా దాన్ని సులువు చేసింది జాన్ హెన్రీ పెప్పర్. అప్పుడు దయ్యం వేషగాడు స్టేజీకి ముందు కింద గోతిలో ఉండేవాడు, అద్దం జనం వైపు వాలి ఉండేది. మీకు గొయ్యి లేదు కాబట్టి అద్దాన్ని నిలువుగా నిలబెట్టి, పైనుంచి చూస్తే 45 డిగ్రీలు ఉండేలా తిప్పి, దయ్యాన్ని పక్క వింగ్‌లో, అంటే జనానికి కనిపించని చోట, నిలబెట్టాలి. నటుడు అద్దానికి ఎంత దూరంలో ఉంటే బొమ్మ అద్దానికి అంతే దూరం వెనక కనిపిస్తుంది.

ఇక కొలతలు. బొమ్మకి ఆరడుగుల వెడల్పు కావాలంటే 45 డిగ్రీల మీద అద్దం ఎనిమిదిన్నర అడుగులు ఉండాలి. అసలు గాజు 6 మి.మీ. మందంలో చదరపు మీటరు 15 కిలోలు. ఆ సైజు గాజు విద్యార్థుల స్టేజీ మీద పెట్టే వస్తువు కాదు, ఆ మాట వదిలెయ్యండి. యాక్రిలిక్ షీటు 8×4 అడుగులది, 6 మి.మీ.లో, 21 కిలోలు. రెండు షీట్లు పక్కపక్కన నిలబెడితే ఎనిమిదడుగులు వస్తుంది, మధ్యలో అతుకు గీత ఉంటుంది. ఆ గీతని మంచం పందిరి కోడు వెనక్కి దాచొచ్చు. కానీ రెండు షీట్లూ ఒకే తలంలో ఉండకపోతే దాచీ లాభం లేదు. ఒక షీటు ఒక్క డిగ్రీ తిరిగితే బొమ్మ రెండు డిగ్రీలు తిరుగుతుంది. నటుడు రెండు మీటర్ల దూరంలో ఉంటే అతుకు దగ్గర బొమ్మ 7 సెంటీమీటర్లు జరుగుతుంది. అంటే దయ్యం ముక్కు ఒక షీటులో, చెవి ఇంకో షీటులో వేరే చోట.

వెలుగు సంగతి. 45 డిగ్రీల మీద అద్దం రెండు ముఖాలూ కలిపి తిప్పి పంపేది పదో వంతు వెలుగే. స్టేజీ మీది మనిషితో సమానంగా దయ్యం కనిపించాలంటే దాని మీద పదింతల వెలుగు పడాలి. కొంచెం పల్చగా ఉంటే చాలనుకున్నా అయిదింతలు. మీ ఎనిమిది స్పాట్లలో నాలుగు దానికే పోతాయి. దయ్యం వెనక గోడ, నేల, కుర్చీ అన్నీ నల్ల వెల్వెట్‌తో కప్పాలి. వింగ్‌లో ఉన్న ప్రతి వెలుగూ అద్దంలో తేలుతుంది. ఎగ్జిట్ బోర్డు, ప్రాంప్టర్ సెల్‌ఫోన్ కూడా స్క్రూజ్ గదిలో వేలాడతాయి.

ఇవన్నీ సర్దుకున్నా అసలు చిక్కు వేరే ఉంది. మార్లీ వచ్చి వెళ్లే రకం దయ్యం కాదు. ‘కూర్చోగలవా?’ అని స్క్రూజ్ అడిగితే ఎదురు కుర్చీలో కూర్చుని చాలాసేపు మాట్లాడతాడు. అద్దంలో బొమ్మకి ఎడమ కుడి అవుతుంది. తన బొమ్మ ఎక్కడుందో నటుడికి కనిపించదు, స్క్రూజ్‌కీ కనిపించదు. వింగ్‌లో నల్ల గుడ్డ కప్పిన కుర్చీ రెండంగుళాలు జరిగితే స్టేజీ మీద మార్లీ కుర్చీకి పక్కన గాలిలో కూర్చుంటాడు. జనం నవ్వేది సరిగ్గా అక్కడే. పైగా గొంతు వింగ్‌లోంచి వస్తుంది, బొమ్మ మధ్యలో ఉంటుంది.

నా సలహా: మార్లీని రక్తమాంసాల మనిషిగానే పెట్టండి. ట్రిక్కులు అతను రాకముందూ, వెళ్లిపోయాకా ఖర్చు పెట్టండి. పెప్పర్ తప్పకుండా కావాలంటే దానికి తగిన చోటు ఒకటుంది. మార్లీ కిటికీలోంచి వెళ్లిపోయాక బయట ఆకాశం నిండా గొలుసులతో తిరిగే ప్రేతాలు స్క్రూజ్‌కి కనిపిస్తాయి. వాటిలో ఒకటి తెల్ల వాస్కోటు వేసుకున్న ముసలి దయ్యం. చీలమండకి పెద్ద ఇనప్పెట్టె కట్టుకుని, కింద గుమ్మంలో బిడ్డతో కూర్చున్న బీదరాలికి సాయం చెయ్యలేకపోతున్నానని ఏడుస్తూ ఉంటుంది. అక్కడ మాటలు లేవు, ఎవరూ కూర్చోరు, నలభై సెకన్లలో అయిపోతుంది. కిటికీ వెనక 4×3 అడుగుల ఒక్క యాక్రిలిక్ ముక్క చాలు, అతుకు ఉండదు. మధ్య వరసలకి బాగా కనిపిస్తుంది. రెండు చివరి కుర్చీల్లో మనిషిని కూర్చోబెట్టి చూసుకుని, కనిపించని కుర్చీలు అమ్మకుండా వదిలెయ్యండి. షీటుని సబ్బునీళ్లు, మెత్తటి నూలుగుడ్డతోనే తుడవాలి. అమోనియా ఉన్న అద్దాల స్ప్రే కొడితే సన్న పగుళ్లొస్తాయి.

---

డిమ్మర్‌బోర్డు:

పై సలహాతో పూర్తిగా ఏకీభవిస్తాను. అద్దం పక్కన పెడితే మీకు పనికొచ్చేది నెట్ గుడ్డ. ముందు నుంచి దాని మీద వెలుగు పడితే గోడలా ఉంటుంది. ఆ వెలుగు తీసి వెనక వెలిగిస్తే గుడ్డ మాయమై వెనకున్నది కనిపిస్తుంది. నాటకాల గాజ్ దొరక్కపోతే నూలు దోమతెర వాడండి. నైలాన్‌ది వద్దు, లైటు పడగానే తళతళలాడుతుంది.

మొదట తలుపు గుబ్బ, అంటే వీధి తలుపు తట్టడానికి బిగించే నాకర్. మార్లీ మొహం మొదట కనిపించేది అక్కడే. తలుపు ఫ్లాటులో (సెట్టు పలకలో) నటుడి మొహం ఎత్తున అడుగున్నర చదరపు కంత కొయ్యండి. దాని మీద నెట్ బిగించి, గుబ్బతో సహా తలుపు రంగు వెయ్యండి. రంగు పల్చగా, దాదాపు పొడిగా ఉన్న బ్రష్షుతో వెయ్యాలి. కన్నాలు పూడితే వెనక ఎంత వెలిగించినా ఏమీ కనిపించదు. నటుడి మొహం నెట్‌కి నాలుగంగుళాలు వెనక ఉండాలి. అంతకన్నా దగ్గరైతే ముక్కు తగిలి గుడ్డ కదులుతుంది, దూరమైతే మొహం చిన్నదైపోతుంది. వెలుగుకి కంత అడుగు అంచున 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్పు, దాని మీద లీ 116 జెల్ (లైటు ముందు పెట్టే రంగు ఫిల్ము). మొహం మీద వెలుగుంది గానీ చీకటి కొట్లో పాడైపోయిన రొయ్యలాంటి వెలుగు అంటాడు డికెన్స్. ఆ ఆకుపచ్చ నీలం అందుకే. నాలుగు సెకన్లు చాలు. అయిదో సెకనుకి జనం కంత అంచులు వెతకడం మొదలుపెడతారు.

గదిలోకి మార్లీ మూసిన తలుపులోంచే వస్తాడు. ఈ రెండో తలుపు పలకంతా నెట్ చెయ్యండి. ఒకే ముక్కగా కాదు, నిలువుగా రెండు ముక్కలు, మధ్యలో తొమ్మిదంగుళాలు ఒకదాని మీద ఒకటి వచ్చేలా. అడుగు మడతలో అరంగుళం కండ్యూట్ పైపు రెండు ముక్కలుగా దూర్చితే ముడతలు రావు. వెనక నాలుగడుగులు ఖాళీ, ఆ వెనక నల్ల తెర. ముందు వెలుగు గ్రిడ్ నుంచి, నెట్‌కి రెండడుగులే ముందు వేలాడదీసిన లైటుతో, గుడ్డని రాసుకుంటూ కిందికి పడాలి. హాలు వెనక నుంచి తిన్నగా కొడితే వెలుగు కన్నాల్లోంచి దూరి వెనక మనిషి మీద పడుతుంది, గుట్టు ముందే తెలిసిపోతుంది. వెనక మార్లీకి పక్కల నుంచి మాత్రమే వెలుగు.

ఇప్పుడు వరస చూడండి. మార్లీ వచ్చే క్షణంలో ఆరిపోతున్న నిప్పు ఒక్కసారి ఎగసి ‘నాకు తెలుసు, మార్లీ దయ్యం!’ అని అరిచినట్టు లేచి మళ్లీ పడిపోతుందని పుస్తకంలోనే ఉంది. లైటు ఎప్పుడు మారాలో చెప్పే క్యూ డికెన్సే మీకు రాసిచ్చాడు, వాడుకోండి. ముందు నెట్ వెనక హాలోజెన్ ఎనిమిది సెకన్లలో 30 శాతానికి వస్తుంది, తలుపులో మనిషి నీడ తేలుతుంది. తర్వాత పొయ్యిలో ఎల్‌ఈడీ 20 నుంచి 80కి ఒక్క తృటిలో ఎగరాలి, రెండు సెకన్లలో దిగాలి. కళ్లన్నీ అటు తిరుగుతాయి. ఆ రెండు సెకన్లలో మార్లీ చీలికలోంచి గదిలోకి అడుగేస్తాడు. ఎగరాల్సిన చోట ఎల్‌ఈడీ, కరగాల్సిన చోట హాలోజెన్. తిరగేసి పెడితే రెండూ చెడతాయి. చవక ఎల్‌ఈడీ అడుగు పది శాతంలో మెట్లుమెట్లుగా దూకుతుంది. హాలోజెన్ ఫిలమెంటుకి వేడెక్కడానికి టైము పడుతుంది. దయ్యం మీద హాలోజెన్‌కి లీ 117 వెయ్యండి. 30 శాతం దగ్గర ఫిలమెంటు ఎర్రబడి, ఆ నీలంతో కలిసి మురికి రంగొస్తుంది. కావాల్సింది అదే.

గది మొత్తం చీకటిగా ఉండటానికి దర్శకుడు జంకితే ఆ వాక్యం చూపించండి: చీకటికి ఖర్చు లేదు, అందుకే స్క్రూజ్‌కి అదంటే ఇష్టం.

నూలు నెట్‌కి నిప్పు అంటుకోకుండా 10 లీటర్ల గోరువెచ్చటి నీళ్లలో 700 గ్రాముల బోరాక్స్, 300 గ్రాముల బోరిక్ యాసిడ్ కలిపి తడిపి ఆరబెట్టండి. రంగు వేసే ముందే చెయ్యాలి. ఒక ముక్క బయటికి తీసుకెళ్లి అగ్గిపుల్లతో పరీక్షించండి, పుల్ల తియ్యగానే మంట ఆరాలి. ఉతికితే ఆ మందు పోతుంది. కృత్రిమ దారపు గుడ్డకి ఇది పట్టదు. స్క్రూజ్ చేతిలో కొవ్వొత్తి మాత్రం బ్యాటరీదే.

---

చప్పుళ్ల డబ్బా:

లైట్ల కన్నా ముందు చెవులు భయపడాలి. ఈ ఘట్టంలో చప్పుడు ఏ వరసలో రావాలో పుస్తకంలో ఉంది, దాన్ని దాటి ఏమీ కలపొద్దు. ముందు గదిలో వాడకం లేని గంట ఒకటి మెల్లగా ఊగుతుంది. ఆ తర్వాత ఇంట్లో గంటలన్నీ మోగుతాయి. అన్నీ ఒకేసారి ఆగుతాయి. అప్పుడు కింద నేలమాళిగలో పీపాల మీద గొలుసు ఈడ్చిన చప్పుడు. మాళిగ తలుపు ధనామని తెరుచుకుంటుంది. గొలుసు మెట్లెక్కుతుంది, తిన్నగా తలుపు దగ్గరికొస్తుంది.

నాలుగు స్పీకర్లు చాలు. ఒకటి ప్రేక్షకుల మెట్ల కింద బోర్లా పెట్టండి, అదే నేలమాళిగ. చెక్క మెట్లు అదిరితే చప్పుడు కాళ్లకి తెలుస్తుంది. రెండోది వింగ్ లోపల నేల మీద, మూడోది తలుపు వెనక మనిషి ఎత్తున. గొలుసు ఒకదానిలోంచి ఇంకోదానిలోకి జరగాలి. నాలుగోది గంటలకి.

రికార్డింగ్‌కి 8 మి.మీ. ఇనుప గొలుసు రెండు మీటర్లు, ఖాళీ 200 లీటర్ల డ్రమ్ము, దాని మీద పలక. పలక మీద గొలుసు ఈడుస్తూ డ్రమ్ము నోటి దగ్గర మైకు పెట్టండి. తర్వాత వేగం 80 శాతానికి తగ్గిస్తే బరువొస్తుంది. ఆఖరి మూడు మెట్లు మాత్రం రికార్డింగ్ వద్దు. నటుడే వింగ్‌లో చెక్కపెట్టెల మీద గొలుసుతో ఎక్కాలి, లేకపోతే చప్పుడికీ మనిషికీ అతుకు తెలిసిపోతుంది.

స్టేజీ మీద కనిపించే గంటతో జాగ్రత్త. ఊపడానికి ఒక దారం కడతారు, అందరూ కడతారు. ‘అన్నీ ఒకేసారి ఆగాయి’ దగ్గర రికార్డింగ్ ఆగుతుంది, ఈ గంట మాత్రం ఇంకో అయిదు సెకన్లు టింగు టింగుమంటుంది. నాలికకి ఇంకో దారం కట్టి బిగబట్టాలి. ఇద్దరు కాదు, ఒకే మనిషి రెండు చేతులతో రెండు దారాలూ పట్టుకోవాలి. పుస్తకంలో గంటలు అర నిమిషమో నిమిషమో మోగాయంటాడు. స్టేజీ మీద 20 సెకన్లు దాటించకండి. ఆగాక నాలుగు సెకన్లు పూర్తి నిశ్శబ్దం. ఏసీ హోరు ఉంటే ఆ నిశ్శబ్దం ఉండదు, కాబట్టి ఈ ఘట్టానికి ముందే ఏసీ ఆపించండి.

మార్లీ గొంతుకి రీవెర్బ్ (ప్రతిధ్వని) పెట్టొద్దు. అందరికీ మొదట తట్టేది అదే. 110 కుర్చీల హాల్లో దానివల్ల తెలుగు ఒత్తులన్నీ కరిగిపోయి ఒక్క ముక్క అర్థం కాదు. ఒకే ఒక్క చోట, గొలుసు ఆడించి భీకరంగా అరిచినప్పుడు, రెండు సెకన్ల తోక చాలు. వెనక భయానక సంగీతం జోలికి అసలు పోవద్దు.

---

తెరచాటు:

చాలా థాంక్సండీ. అద్దం చిన్న కిటికీకే పరిమితం అని దర్శకుడు ఒప్పుకున్నారు. ఇంకా పొగ, కిటికీ, గొలుసు ఉన్నాయి. పొగకి డ్రై ఐస్ (గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువు) అయిదు కిలోలు తెప్పిద్దామంటున్నారు. నేల మీద పాకుతూ బాగుంటుందని, మార్లీ తర్వాత స్క్రూజ్ దగ్గరికి వచ్చే ముగ్గురు భూతాల్లో మూడో భూతం ఘట్టంలో సమాధుల దగ్గర కూడా వాడొచ్చని. అనువాదంలో కూడా రెండు మూడు చోట్ల పీకులాట నడుస్తోంది, ముఖ్యంగా దయ్యాల పేర్ల దగ్గర.

---

అద్దాలమేడ:

డ్రై ఐస్ వద్దు. లెక్క చూడండి. కిలోకి సుమారు 540 లీటర్ల బొగ్గుపులుసు వాయువు, అంటే అయిదు కిలోలకి 2.7 ఘనమీటర్లు. మీ హాలు 24×38×13 అడుగులు, అంటే దాదాపు 335 ఘనమీటర్లు. హాలంతా సమంగా కలిసిందనుకున్నా 0.8 శాతం. పనిచోట ఎనిమిది గంటల సగటుకి సాధారణంగా పెట్టే పరిమితే 0.5. పైగా అది కలవదు, గాలికన్నా బరువు కాబట్టి నేల మీద పొరలా పరుచుకుంటుంది. మూడో భూతం ముందు స్క్రూజ్ మోకాళ్ల మీద పడి ఏడ్చేది సరిగ్గా ఆ పొరలో. నీళ్ల ఆధారపు హేజ్ మిషను (పల్చటి పొగ వదిలేది) అద్దెకి తీసుకుని, ప్రేక్షకులు రాకముందు పది నిమిషాలు పెట్టండి. కథ మొదట్లోనే పొగమంచు ప్రతి సందులోంచీ తాళం కన్నంలోంచీ లోపలికి వస్తుంటుంది కాబట్టి ఇది దయ్యం పొగ కాదు, లండన్ పొగ. లైటు గీతలు కూడా కనిపిస్తాయి. కానీ మరీ చిక్కగా పెడితే నెట్ పని చెయ్యదు, ముందు వెలుగు పొగకే పట్టుకుంటుంది.

సాంబ్రాణి వెయ్యాలని ఎవరో ఒకరు అంటారు. మన నాటకాలకి అలవాటే. కానీ ఈ కథలో ఆ వాసన గుడిని గుర్తు చేస్తుంది, వాతావరణం చెడుతుంది. దేనికైనా స్మోక్ డిటెక్టర్ల సంగతి హాలు ఇన్‌చార్జితో కాగితం మీద రాయించుకోండి. ఆపిన గంటసేపు ఎక్స్‌టింగ్విషర్‌తో ఒక మనిషి అక్కడే నిలబడాలి. డిటెక్టర్లకి ప్లాస్టిక్ కవర్లు కట్టే పని మీరు చెయ్యొద్దు.

---

కప్పీతాడు:

కిటికీ, గొలుసు నేను చెప్తాను.

మార్లీ వెనక్కి ఒక్కో అడుగు వేస్తుంటే కిటికీ కొంచెం కొంచెం లేస్తుంది, అతను చేరేసరికి పూర్తిగా తెరుచుకుంటుంది. ఆరు అంగలు వేస్తాడనుకుంటే, కిటికీ మూడడుగులు లేవాలంటే, అంగకి ఆరంగుళాలు. రెక్క సన్న చెక్క ఫ్రేముతో, గాజు లేకుండా, రెండున్నర కిలోలు దాటనివ్వకండి. రెండు కప్పీల మీదుగా ఎదురు బరువు 2.2 కిలోలు కట్టండి. అప్పుడు వింగ్‌లోంచి లాగే దారం మొయ్యాల్సింది మూడొందల గ్రాములే, సన్న దారం సరిపోతుంది. ఆ దారం తెల్ల నైలాన్ గాలం తీగ మాత్రం కాకూడదు. అది సాగుతుంది, కాబట్టి కిటికీ ఆగి ఆగి ఒక్కసారి గెంతుతుంది. లైటు పడితే మెరుస్తుంది కూడా. నల్లటి అల్లిక దారం తీసుకోండి. లాగేది రెక్క ఒక మూల నుంచి అయితే అడ్డంగా ఇరుక్కుపోతుంది. రెండు మూలల నుంచీ తెచ్చి పైన ఒకే దారానికి ముడెయ్యండి. గాడికి కొవ్వొత్తి మైనం రుద్దండి. చెక్క గాడి తేమకి ఉబ్బుతుంది, అల్యూమినియం ఛానెల్ అయితే ఆ గొడవ లేదు. తెరుచుకోగానే పక్క నుంచి ఒకరు కన్నంలోకి చీల దోపాలి. ఎందుకంటే నటుడు దాని కిందనుంచే దూరి వెళ్తాడు, దారం తెగితే రెక్క నెత్తిన పడుతుంది.

దారం కనిపిస్తుందేమోనని ఖంగారు వద్దు. సాదా నల్ల తెర మీద కన్నా గీతలు, నీడలు వేసిన గోడ బొమ్మ మీద దారం బాగా కలిసిపోతుంది. ఇలాంటి తీగ పనికి చూడాల్సింది సురభి వాళ్లని. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన కుటుంబ నాటకం. హైదరాబాదులో అయితే శేరిలింగంపల్లిలో ఉన్నారు. ‘మాయాబజార్’ ముందు వరసలోంచి ఒకసారి చూడండి, అనుమతి దొరికితే వింగ్‌లోంచి ఇంకోసారి.

గొలుసు. డికెన్స్ దాన్ని గల్లాపెట్టెలు, తాళాలు, తాళం చెవులు, ఖాతా పుస్తకాలు, దస్తావేజులు, ఉక్కు డబ్బు సంచులతో చేశాడు. 6 మి.మీ. ఇనుప గొలుసు మీటరు ముప్పావు కిలో పైనే. అంతా ఇనుమైతే అయిదారు కిలోలు, నటుడు రెండో షోకి నడుం పట్టుకుంటాడు. చప్పుడుకి మీటరున్నర అసలు గొలుసు చాలు, అది నేల మీద ఈడ్చే కొనలో పెట్టండి. మిగతా నాలుగు మీటర్లు ప్లాస్టిక్ బారికేడ్ గొలుసు. ముందు ఉప్పుకాగితంతో రుద్ది ప్రైమర్ కొట్టి, నలుపు వేసి, పొడి బ్రష్షుతో వెండి రంగు అంటించి, పైన టీ డికాషన్‌లాంటి గోధుమ రంగు పల్చగా. ప్రైమర్ లేకుండా వేస్తే మొదటి రిహార్సల్‌కే పెచ్చులూడతాయి. పెట్టెలు మిల్‌బోర్డువి (మందపాటి అట్టవి). రెండు తాళాలు మాత్రం అసలైనవి. బరువంతా కోటు లోపల నడుం బెల్టుకీ, భుజాల మీదుగా వచ్చే పట్టీలకీ వేలాడాలి, మెడకి ఏదీ కట్టకూడదు. తోక కొనకి లాగితే ఊడే క్లిప్పు పెట్టండి, ఎవరో ఒకరు దాని మీద కాలేస్తారు.

డిమ్మర్‌బోర్డు గారు చెప్పిన చీలిక నెట్‌లో ఈ తాళాలు తగులుకుంటాయి. తాళం కొక్కేల మీద నల్ల గుడ్డ టేపు చుట్టండి. గొలుసు తోకలా నడుముకి చుట్టుకుని ఉందనే పుస్తకంలో ఉంది కాబట్టి, నెట్ దాటేదాకా నటుడు కొనని ఎడం చేతిలో పోగేసి పట్టుకుని, లోపలికొచ్చాకే నేలకి జారవిడవాలి. ఆ జారిన చప్పుడు చాలా బాగుంటుంది.

దవడ సంగతి ఎవరూ అడగలేదు. మార్లీ తల మీంచి గడ్డం కిందికి కట్టిన గుడ్డ విప్పితే కింది దవడ రొమ్ము మీదికి వేలాడుతుంది. నటుడు నోరు తెరిచి ఉంచితే ప, బ, మ పలకవు, ఆ తర్వాత చాలా డైలాగుంది. మూడు సెకన్లు వేలాడనిచ్చి, ఎడం చేత్తో దవడ పట్టుకుని మూసి, అలా పట్టుకునే మాట్లాడమనండి. విడ్డూరంగా ఉంటుంది, కానీ నవ్వు రాదు. చివర గుడ్డ మళ్లీ కట్టుకునేటప్పుడు పళ్లు టక్కుమని కలిసిన చప్పుడు స్క్రూజ్‌కి వినిపిస్తుంది. వింగ్‌లో రెండు చెక్కముక్కలు ఒక్కసారి కొట్టండి.

ఇంకొకటి, ఇది పని చేసి తీరాలని కాదు గానీ: మార్లీ వాస్కోటులోంచి చూస్తే వెనక కోటుకున్న రెండు గుండీలు కనిపిస్తాయట. వాస్కోటు ముందు భాగం నెట్‌తో కుట్టి, లోపల నల్ల గుడ్డ మీద రెండు పెద్ద ఇత్తడి గుండీలు కుడితే సరి. మూడో వరస దాటితే ఎవరికీ కనిపించదు. ముందు రెండు వరసల వాళ్లు మాత్రం మర్చిపోరు.

---

పలుకుబడి:

అనువాదం గురించి. ముందు హక్కులు. డికెన్స్ 1870లో పోయాడు, ఇంగ్లీషు మూలానికి ఎవరినీ అడగక్కర్లేదు. కానీ వచ్చిన తెలుగు అనువాదం వాడితే అనువాదకుల హక్కు వేరు. మన చట్టంలో మరణం తర్వాత 60 ఏళ్లు. ఈ కాలపు నాటకీకరణల స్క్రిప్టులకీ అంతే. మూలం నుంచి మీరే రాసుకోండి.

దయ్యాల పేర్లకి తెలుగు మీకు ఊరికే ఇచ్చిన బహుమతి ఉంది. గడిచిపోయిన క్రిస్మస్ ఆత్మకి ‘భూతకాలపు భూతం’. ఇంగ్లీషులో లేని శ్లేష ఇది. మిగతా రెండూ వర్తమానం, భవిష్యత్తు. మార్లీని మాత్రం దయ్యం అనండి, భూతం అనొద్దు. అతను చచ్చిన మనిషి, ఆ ముగ్గురూ కారు. ఈ తేడా మొదటి నుంచి పాటిస్తే జనానికి తికమక ఉండదు.

స్క్రూజ్ మార్లీని నమ్మక, నువ్వు అరగని మాంసం ముక్కవో, ఉడకని బంగాళాదుంప ముక్కవో అయ్యుంటావంటూ వేసే జోకు ఒకటుంది. అక్కడ సమాధికీ కూర పులుసుకీ ఇంగ్లీషులో ప్రాస. ‘సమాధి కన్నా సాంబారు వాసనే ఎక్కువ’ అని రాయాలనిపిస్తుంది, లండన్లో సాంబారు పొసగదు. ‘నీలో గోరీ కన్నా గ్రేవీయే ఎక్కువ’ అనండి. రెండు మాటలూ మన జనానికి తెలుసు, ప్రాస అలాగే నిలిచింది. దాని మీద నవ్వొస్తే రానివ్వండి, వెంటనే వచ్చే మార్లీ అరుపుకి అదే పునాది.

స్క్రూజ్ ఊతపదం ‘హంబగ్’కి ‘సోది’ చాలదు, అందులో మోసం అనే అర్థం ఉంది. ‘బూటకం’ వాడండి. ‘ఛీ, బూటకం!’ అన్నప్పుడు మొదటి అక్షరం సాగదీసుకోవడానికి నటుడికి చోటు దొరుకుతుంది.

‘ఎవరు నువ్వు?’ అంటే ‘ఎవరినో కాదు, ఎవరిగా ఉండేవాణ్ణో అడుగు’ అంటాడు మార్లీ. ‘బతికుండగా నీ భాగస్వామిని, జేకబ్ మార్లీని.’ ఇద్దరూ ఒకే కొట్లో కూర్చున్నవాళ్లు, నువ్వు నువ్వే. మీరు గీరు పెట్టకండి. మార్లీ చచ్చి సరిగ్గా ఏడేళ్లు, అదే రాత్రి. ఏలినాటి శనికి ఆరు నెలలు తక్కువ. దాని మీద జోకు వెయ్యాలని మీ రచయితకి అనిపిస్తుంది, వెయ్యనివ్వకండి.

వరసల్లో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ఫ్రెడ్ స్క్రూజ్‌ని ఇంగ్లీషులో ‘అంకుల్’ అంటాడు కదా అని ‘బాబాయ్’ అని రాసేస్తారు. ఫ్రెడ్ స్క్రూజ్ చెల్లెలు ఫ్యాన్ కొడుకు. కాబట్టి ‘మామయ్యా’. మేనల్లుడు పండక్కి భోజనానికి పిలిస్తే మేనమామ తలుపు చూపించాడంటే తెలుగు ప్రేక్షకుడికి అది ఎంత పెద్ద తప్పో వేరే చెప్పక్కర్లేదు. స్క్రూజ్ గుమస్తా బాబ్ క్రాచిట్ ‘అయ్యగారూ’ అంటే చాలు, ‘సార్’ వద్దు.

---

తెరచాటు:

గోరీ, గ్రేవీ స్క్రిప్టులోకి వెళ్లిపోయాయి. ఒక్క సందేహం: గుబ్బ దగ్గర మొహం చూపించే నటుడే ఆ తర్వాత మెట్లెక్కి రావాలా? మధ్యలో అతనికి గొలుసు తగిలించడానికి ఎంత టైము కావాలి?

---

కప్పీతాడు:

అతనే రావాలి, మొహం ఒకటే కదా. గొలుసు ముందే తగిలించి ఉంచండి, గుబ్బ కంత వెనక దాన్ని పరుపు మీద పోగేసి పెడితే చప్పుడు రాదు. గుబ్బ ఆరాక స్క్రూజ్ గదులు వెతికి, తలుపుకి రెండు గడియలు వేసి, జావ గిన్నె పట్టుకుని కూర్చునేసరికి మూడు నాలుగు నిమిషాలు దొరుకుతాయి. ఇద్దరు సాయం పట్టి పరుపుతో సహా చెక్కపెట్టెల దగ్గరికి మోసుకెళ్లాలి. నేల మీద మెరిసే టేపు వేసి దారి చూపించండి, అప్పటికి వింగ్‌లో దీపం ఉండదు.